కొత్త ల్యాప్‌టాప్‌కు ర్యామ్: చిత్తూరులోనా, తిరుపతిలోనా, చెన్నైలోనా, ఆన్‌లైన్‌లోనా?

గ్రీమ్స్‌పేట_గీత | 2026 జనవరి 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, తిరుపతిలో ఎం.సి.ఏ. చదువుతున్నాను. దీపావళికి నాన్న కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చారు. ఐ5-12450హెచ్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ. బ్రౌజరు ఒక్కటే తెరిస్తే పరుగెడుతుంది. ఫోను యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ల్యాప్‌టాప్‌లోనే ఫోనులా నడిచే ఎమ్యులేటర్ కూడా నడిపితే మాత్రం మౌస్ కదలడానికి కూడా బతిమాలుకోవాలి.

ర్యామ్ పెంచాలన్నది ఖాయం. ఎక్కడ కొనాలన్నదే తేలడం లేదు. ల్యాప్‌టాప్ కొన్న చిత్తూరు అంగట్లోనే వేయించు, రేపు ఏదైనా అయితే ఎదురుగా నిలబడి అడగవచ్చు అని నాన్న పట్టుబడుతున్నారు. హాస్టల్లో అందరూ ఆన్‌లైన్ అంటున్నారు. పెద్దమ్మ కొడుకు చెన్నైలో ఉన్నాడు, అక్కడి ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధి రిచీ స్ట్రీట్‌కు వస్తే సగం ధరకు ఇప్పిస్తానని హామీ ఇస్తున్నాడు. అంగడివాళ్లు చెప్పిన ధర ఆన్‌లైన్ ధర కంటే 900 రూపాయలు ఎక్కువ. ఆ తొమ్మిది వందలు దేనికిస్తున్నట్టు?

కొర్లగుంట_కిట్టు | రాత్రి 9:20

ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆన్‌లైన్. ఇంటికే వస్తుంది, ధర కళ్లముందే కనబడుతుంది, నచ్చకపోతే వెనక్కి పంపవచ్చు. అంగడివాళ్లు కూడా చాలాసార్లు అక్కడే తెప్పించి మనకు అమ్ముతారు. ఆ 900తో మంచి కూలింగ్ ప్యాడ్ కొనుక్కోండి.

రేణిగుంట_రిపేరు | రాత్రి 9:48

ఎక్కడ కొనాలన్నది తర్వాత. ఏమి కొనాలో తెలిసిందా? నా బల్ల మీదకు వచ్చే ర్యామ్ గొడవల్లో ఎక్కువ భాగం అంగడిది కాదు, సైటుదీ కాదు. తప్పు రకం కొనుక్కొని వస్తారు, అంతే.

గీతమ్మా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. కుడివైపు అడుగున స్పీడు, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటాయి. ఆ మూడూ ఇక్కడ రాయండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి (కరిగించి అతికించి) ఉందని అర్థం. వేరే స్లాట్ (ర్యామ్ పెట్టే గాడి) కూడా లేకపోతే ఇక ఈ చర్చకే పని లేదు. పలుచటి మోడళ్లలో ఇప్పుడు ఇదే ఎక్కువ. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

బాలాజీకాలనీ_బాబు | రాత్రి 9:55

కొన్న మూడు నెలలకే ర్యామ్ చాలడం లేదంటే, కొనేటప్పుడే 16 జీబీ మోడల్ తీసుకోవాల్సింది.

గ్రీమ్స్‌పేట_గీత | రాత్రి 10:03

బాబు గారూ, ఆ మాట మా నాన్నతో చెప్పండి, నేను పక్క గదిలో ఉంటాను.

రిపేరు అన్నా, చూశాను. స్పీడు 3200. స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2. ఫామ్ ఫ్యాక్టర్ సోడిమ్ అని ఉంది.

రేణిగుంట_రిపేరు | రాత్రి 10:30

మంచి కబురే. సోడిమ్ అంటే ల్యాప్‌టాప్‌లో పెట్టి తీయగల ర్యామ్ ముక్క, దాన్నే మాడ్యూల్ అంటాం. ఒక స్లాట్ ఖాళీ. స్పీడు 3200 కాబట్టి మీది డీడీఆర్4 తరం ర్యామ్, దాని తర్వాతి తరం డీడీఆర్5. ఇది ఖాయం చేసుకోవడం ఎందుకంటే, మీ 12450హెచ్ ప్రాసెసర్ డీడీఆర్4తోనూ డీడీఆర్5తోనూ పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ తయారు చేసినవాళ్లు బోర్డు మీద ఏది పెట్టారో అదే మనకు గతి. ప్రాసెసర్ పేరు చూసి ఆర్డర్ పెట్టి డీడీఆర్5 తెప్పించుకున్నవాళ్లను చూశాను. ల్యాప్‌టాప్ డీడీఆర్4కు 260 పిన్నులు, డీడీఆర్5కు 262. మధ్యలో ఉండే గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. బలంగా నొక్కితే దిగుతుందని మాత్రం అనుకోవద్దు. వోల్టేజీ కూడా వేరు, దీనికి 1.2, దానికి 1.1.

ఇంకొక మాట. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘సోడిమ్’ అన్న పదం కనబడాలి. లేకపోతే డెస్క్‌టాప్‌ది వస్తుంది, 288 పిన్నులతో, దాదాపు రెట్టింపు పొడవుతో.

అరగొండ_అరుణ | రాత్రి 10:41

ఆ డెస్క్‌టాప్ ర్యామ్ మా ఇంటికి వచ్చింది. నేను సరిగానే ఆర్డర్ పెట్టాను, పెట్టె మీద కూడా ల్యాప్‌టాప్ ర్యామ్ అనే ఉంది, లోపల ఉన్నది వేరు. సైటు పేరు చెప్పను. వెనక్కి తీసుకున్నారు, కాదనను. కానీ ‘పెట్టె తెరిచినప్పుడు తీసిన వీడియో పంపండి’ అన్నారు. నా దగ్గర వీడియో లేదు. వాళ్లు ఒప్పుకునేసరికి చాలా ఆలస్యమైంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కత్తెర పట్టుకునే ముందే ఫోను కెమెరా ఆన్ చేయండి. ఒకే షాట్, మధ్యలో ఆపకుండా, పార్సిల్ మీది చిరునామా చీటీ నుంచి మాడ్యూల్ మీది లేబుల్ దాకా.

కొర్లగుంట_కిట్టు | రాత్రి 10:50

అరుణ గారూ, చివరికి తీసుకున్నారు కదా. అదే అంగడి అయితే ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూపించేవాళ్లు.

అరగొండ_అరుణ | రాత్రి 11:04

చూపిస్తారు. చూపించినంత మాత్రాన చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు వెనక్కి తీసుకోకపోవడం, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘లోపమున్న’ అన్న మాట గమనించండి. రంగు నచ్చలేదంటే కుదరదు. అదే చట్టం కింద ఫిర్యాదును మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అమ్మినవాడు గుర్గావ్‌లో ఉన్నా సరే. వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. అంతదాకా వెళ్లకుండా ముందు జాతీయ వినియోగదారుల సహాయ నెంబరు 1915కు ఫోను చేస్తే చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

కానీ ఇదంతా బిల్లు ఉంటేనే. బిల్లు మీద మాడ్యూల్ సీరియల్ నెంబరు రాయించండి. అది లేకపోతే ‘ఇది మేము అమ్మింది కాదు’ అనడానికి క్షణం పట్టదు. జీఎస్టీ నెంబరు 15 అక్షరాలు ఉంటుంది, మన రాష్ట్రంలో నమోదైతే మొదటి రెండు అంకెలు 37, తమిళనాడు అయితే 33. చిత్తూరులో కొని 33తో మొదలయ్యే బిల్లు తీసుకున్నారంటే ఆ సరుకు ఎవరిదో ఒకసారి అడగాలి.

మెరీనా_మురళి | జనవరి 10, ఉదయం 6:35

తిరుపతి నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డవాడిని. రిచీ స్ట్రీట్ గురించి ఎవరు అడిగినా నాకు ఉత్సాహం వస్తుంది, కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను.

సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు. మౌంట్ రోడ్డు పక్క సందులు అవి. కెపాసిటర్ నుంచి సర్వర్ దాకా దొరకని వస్తువు లేదు. ఒకే ర్యామ్‌కు పక్కపక్క అంగళ్లలో మూడు ధరలు చెబుతారు. మొదటి అంగట్లో కొనకూడదు, మొదటి ధరకు తలూపకూడదు. తెలుగు చాలామందికి వచ్చు, అయినా బేరం తమిళంలో ఆడితేనే మంచిది.

అయితే ‘సగం ధర’ అన్న మాట ఎప్పటిదో. కొత్త మాడ్యూల్, కంపెనీ వారంటీ, సరైన బిల్లు, ఈ మూడూ కావాలంటే అక్కడా ఆన్‌లైన్‌కు కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. సగానికి వచ్చేది పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినది. ఇంకొక తగ్గింపు కూడా ఉంది, ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అంటారు. తగ్గించేది వాళ్ల లాభం కాదు, 18 శాతం జీఎస్టీ. దానితో పాటు మీ హక్కులు కూడా తగ్గిపోతాయి.

తిరుపతి నుంచి రానుపోను 300 కిలోమీటర్లు. ఒక్క ర్యామ్ కోసం ఆ ప్రయాణం వద్దు. వేరే పని మీద వస్తే తప్పకుండా చూడండి. ఆదివారం రావద్దు, ఎక్కువ అంగళ్లు మూసి ఉంటాయి. 15 నుంచి పొంగల్ సెలవులు, ఆ మూడు రోజులూ రావద్దు.

బాలాజీకాలనీ_బాబు | ఉదయం 7:15

పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన ర్యామ్‌తో తప్పేమిటి? నేను వాడుతున్నది అదే. తిరుపతిలోనే గాంధీ రోడ్డు వైపు కొన్నాను.

రేణిగుంట_రిపేరు | ఉదయం 8:20

తప్పేమీ లేదు. ర్యామ్ బ్యాటరీలా రోజురోజుకూ అరిగిపోయే వస్తువు కాదు. కంపెనీ ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మాడ్యూళ్లే అయి ఉంటాయి, చాలావరకు అసలైనవే. వాటికి తయారీదారు వారంటీ మనకు రాదు, అమ్మినవాడి మాటే వారంటీ. కొత్తగా స్టిక్కర్ అతికించి వేగం ఎక్కువ చేసి చూపించేవాళ్లూ ఉన్నారు. అందుకే డబ్బు ఇచ్చే ముందు సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ పేజీ తెరవమనండి. తయారీదారు పేరు, పార్ట్ నెంబరు, చాలా మాడ్యూళ్లకు తయారైన వారం, సంవత్సరం కూడా కనబడతాయి. లేబుల్ మీద ఉన్నదానికీ అక్కడ ఉన్నదానికీ పొంతన లేకపోతే లేచి వచ్చేయండి.

కానీ కొత్త ల్యాప్‌టాప్‌లో, అదీ వారంటీ నడుస్తున్న దానిలో, నేనైతే కొత్తదే వేస్తాను. రేపు సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తే ఊరూపేరూ లేని మాడ్యూల్ కనబడగానే వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది.

గ్రీమ్స్‌పేట_గీత | ఉదయం 8:32

అసలు వెనుక మూత తెరిస్తేనే వారంటీ పోతుందని హాస్టల్లో ఒకరు భయపెట్టారు. నిజమా?

రేణిగుంట_రిపేరు | ఉదయం 8:50

మోడల్‌ను బట్టి. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది. ర్యామ్ మార్చే విధానం బొమ్మలతో సహా అందులో వాడుకరికే ఇచ్చి ఉంటే భయం లేదు. గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో కూడా అక్కడే ఉంటుంది. తెరిచేటప్పుడు మూత కొక్కెం విరిగినా, స్క్రూ మరొక చోట బిగించి బోర్డుకు గాటు పడినా అది ఏ వారంటీ కిందికీ రాదు. మీ 900లో సగం అక్కడే ఉంది. విరిగితే విరిచినవాడిది బాధ్యత.

పాత_పెంటియం | ఉదయం 10:10

అమ్మాయీ, నేను ఈ ఊళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందరూ ఎక్కడ కొనాలో చెబుతున్నారు, ఎప్పుడు కొనాలో ఎవరూ చెప్పలేదు. ‘కొన్నాళ్లు ఆగితే తగ్గుతుంది’ అని కంప్యూటర్ వస్తువుల గురించి నా విద్యార్థులకు జీవితమంతా చెప్పాను. ఈసారి ఆ మాట చెప్పను.

ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం తయారు చేసేవి మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మిగతా పేర్లలో చాలావరకు, కింగ్‌స్టన్ వంటి పెద్దది సహా, చిప్‌లు కొని మాడ్యూళ్లుగా తయారు చేసేవే. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు కావలసిన మెమరీకి లాభం ఎక్కువ, గిరాకీ అంతకంటే ఎక్కువ. ఆ మూడు కంపెనీలూ తమ ఉత్పత్తిని అటు మళ్లించాయి. డీడీఆర్4 తయారీ ఎలాగూ తగ్గించుకుంటూ వస్తున్నారు. 2025 చివరి నెలల్లో ధరలు ఎలా ఎగబాకాయో చూసే ఉంటారు. డిసెంబరు 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. సరుకు పంపడం ఈ ఫిబ్రవరి దాకానే. అమ్మినవాటికి వారంటీ సేవ కొనసాగిస్తామన్నారు.

కాబట్టి అవసరం నిజమైతే ఈ వారమే కొను. అవసరం నిజమా కాదా అన్నది నువ్వే తేల్చుకోవాలి.

గ్రీమ్స్‌పేట_గీత | ఉదయం 10:25

నిజమే సార్. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ నడవాలంటే కనీసం 16 జీబీ అని వాళ్ల పేజీలోనే ఉంది. ప్రాజెక్టు మార్చిలో ఇవ్వాలి. ఇప్పుడు ఇంకొక సందేహం: ఉన్న 8కి 8 కలపాలా, 16 కలపాలా?

కొర్లగుంట_కిట్టు | ఉదయం 10:31

8. రెండూ సమానంగా ఉంటేనే డ్యుయల్ చానల్, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య రెండు దారులు. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నట్టు. ఒకే రోడ్డైతే బ్రహ్మోత్సవాలప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి.

పాత_పెంటియం | ఉదయం 10:44

కిట్టూ, ఘాట్ రోడ్లలో ఒకటి ఎక్కడానికి, ఇంకొకటి దిగడానికి. చానళ్లు రెండూ రెండు పనులూ చేస్తాయి. పోలిక సగమే కుదిరింది. పైగా 8, 16 కలిపినా మొదటి 8 ప్లస్ 8 డ్యుయల్ చానల్‌లోనే నడుస్తుంది, మిగిలిన 8 మాత్రం ఒంటి చానల్‌లో. గేములు ఆడేవారికి ఆ తేడా తెలుస్తుందేమో. ఎమ్యులేటర్‌కు ముందు కావలసింది చోటు.

రేణిగుంట_రిపేరు | ఉదయం 11:00

మాటగా ఒప్పుకుంటాను. ఇప్పటి ధరల్లో మాత్రం విద్యార్థికి 16 కొనమని చెప్పడానికి నాకు నోరు రాదు. 8 వేయించండి, 3200 వేగం, 1.2 వోల్టులు. ఉన్న మాడ్యూల్ ఏ కంపెనీదో అదే దొరికితే సరే, దొరకకపోయినా గండం ఏమీ లేదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఆ 900 విడదీసి చూడండి. మూత తెరిచి వేసే కూలి ఒకటి. పడకపోతే అక్కడికక్కడే ఇంకొక మాడ్యూల్ వేసి చూడటం రెండవది, ఇది ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టినా దొరకదు. ఒక్కోసారి మాడ్యూల్ మంచిదే అయినా ఆ బోర్డుతో కుదరదు, తెర నల్లగా ఉండిపోతుంది. అప్పుడు లోపం ఎవరిదో ఇంట్లో కూర్చొని ఎలా తేలుస్తారు? మూడవది వారంటీ పని. పాడైన మాడ్యూల్‌ను పంపిణీదారుకు పంపి కొత్తది తెప్పించే తిరుగుడు అంగడివాడిది అవుతుంది. ఈ మూడూ చేసే అంగడైతే 900 ఎక్కువ కాదు. పెట్టె చేతిలో పెట్టి ‘ఇంక మీ ఇష్టం’ అనే అంగడైతే రూపాయి కూడా ఎక్కువ ఇవ్వవద్దు, కిట్టు చెప్పినట్టు ఆన్‌లైన్‌లోనే కొనండి.

కొర్లగుంట_కిట్టు | ఉదయం 11:06

నాలుగు స్క్రూలు విప్పడానికి ఇంత కథా! ఎవరైనా చేసుకోవచ్చు.

రేణిగుంట_రిపేరు | ఉదయం 11:25

చేసుకోవచ్చు, ఎవరు వద్దన్నారు? షిఫ్ట్ మీట పట్టుకొని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది, లేకపోతే విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఛార్జర్ తీసేయాలి. మూత తెరవగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్క్రూలు ఏవి ఎక్కడివో కాగితం మీద అదే వరుసలో పెట్టుకోవాలి, పొడవులు వేరుగా ఉంటాయి. మాడ్యూల్‌ను ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులూ టక్కుమంటాయి. ఒక పక్కే పట్టుకుంటే మళ్లీ తీయాలి. బంగారు రంగు పిన్నుల మీద వేలు పెట్టకూడదు. ఇక్కడ ఏ ముక్క మిగిలిపోయినా నా దగ్గరికి రావాల్సిందే.

డీడీఆర్5 ఉన్నవాళ్లకు ఒక మాట: కొత్త మాడ్యూల్ వేశాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు. మెమరీని అది సర్దుకుంటోంది. కంగారుపడి ఆపేయకండి.

పర్యవేక్షకుడు | మధ్యాహ్నం 12:15

ఫోను నెంబర్లతో వచ్చిన ప్రకటన ఒకటి తొలగించాను. సరుకు అమ్ముకునేవారికి వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

అరగొండ_అరుణ | మధ్యాహ్నం 12:40

గీతా, పండుగకు ఎలాగూ చిత్తూరు వెళ్తావు కదా. వెళ్లే ముందే ఆ అంగడికి ఫోను చేసి అడుగు: నా కళ్లముందు వేస్తారా, బిల్లు మీద సీరియల్ నెంబరు రాస్తారా, వారంటీ తయారీదారుదా మీదా, పడకపోతే డబ్బు ఇస్తారా లేక మార్పిడేనా. గొంతు విసుక్కుంటే అదే జవాబు.

గ్రీమ్స్‌పేట_గీత | జనవరి 12, రాత్రి 8:45

ఫోను చేశాను. మొదట ఎత్తినాయన ‘వచ్చి మాట్లాడమ్మా’ అన్నాడు. ఈరోజు నాన్నతో వెళ్లాను. సీరియల్ నెంబరు రాయడానికి వెంటనే ఒప్పుకున్నారు. తయారీదారు వారంటీయే, పాడైతే మేమే పంపుతాం అన్నారు. పడకపోతే మార్పిడి, రెండు మార్పిడుల తర్వాత కూడా కుదరకపోతే డబ్బు వాపసు, ఇది బిల్లు వెనుక రాసి సంతకం పెట్టించాను. నాన్నకు కాస్త ఇబ్బందిగా అనిపించింది, తెలిసినవాళ్ల దగ్గర సంతకాలేమిటని. 900 తేడాను 500కు దించారు, అది నాన్న పుణ్యమే.

8 జీబీ వేయించాను. అంగట్లో స్టూలు మీద కూర్చొని విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ పూర్తయ్యేదాకా కదలలేదు. ఇంటికి వచ్చి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపాను, ఒక్క లోపం కూడా చూపలేదు. ఇప్పుడు ఎమ్యులేటర్, బ్రౌజరు, స్టూడియో మూడూ తెరిచి ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లో 16లో 15.7 మాత్రమే వాడుకోవచ్చని ఉంది. ఆ కొంచెం ఎక్కడికి పోయింది?

పాత_పెంటియం | రాత్రి 8:58

హార్డ్‌వేర్ తన కోసం పక్కన పెట్టుకున్నది. అందులో ఎక్కువ భాగం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌దే. అంగడివాణ్ణి అడగకు.

కొర్లగుంట_కిట్టు | రాత్రి 9:05

500 ఎక్కువే ఇచ్చారు. నా మాట మీదే నేనున్నాను.

తిలక్‌రోడ్డు_తేజ | రాత్రి 9:40

చర్చ మొత్తం చదివి నా ల్యాప్‌టాప్‌లో కూడా చూశాను. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’, స్లాట్స్ దగ్గర 2 ఆఫ్ 2 అని ఉంది. రెండు స్లాట్లు ఉన్నట్టే కదా? రెండింట్లోనూ 16 వేయించుకోవచ్చా?

రేణిగుంట_రిపేరు | రాత్రి 9:52

తేజా, అవి తీసి పెట్టే స్లాట్లు కావు. బోర్డు మీది చిప్‌లనే విండోస్ అలా లెక్క చూపిస్తుంది. మోడల్ నెంబరు పంపండి, మాన్యువల్ చూసి ఖాయంగా చెబుతాను. అందాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.